వాటాల దగ్గర

అన్నదమ్ములు ఆస్తి పంచుకునేటప్పుడు పెద్దమనుషులతో పాటు మమ్మల్నీ కూర్చోబెడుతుంటారు. మన పెద్దాపురం మెట్ట అంచున ఉంది. సామర్లకోట వైపు దిగితే గోదావరి కాలువల పల్లం. రెండు చోట్లా భూమి ఉన్న ఇంట్లో అందరి చూపూ పల్లం మీదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికాక ముందు ఆ పల్లమే వరదకూ కరువుకూ చిక్కేది. అప్పుడు కోరుకోమంటే ఎంతమంది కోరుకునేవారో!

ఆదికాండము 13లో లోతు కూడా నీళ్లు పారే యొర్దాను మైదానాన్ని చూసి కోరుకున్నాడు. అక్కడి మనుషులు ఎలాంటివారో చూడలేదు. మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసేది అబ్రాహాము. పెద్దవాడై ఉండి, కొడుకు వరుసవాడిని ముందు కోరుకోమన్నాడు. (పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు కోరుకోవాలని మనవాళ్లూ అంటారు. చేసేవాళ్లే తక్కువ.)

మొన్న ఒక ఇంట్లో అన్న నిజంగానే తమ్ముణ్ణి ముందు కోరుకోమన్నాడు. మాకు ఎంతో సంతోషం కలిగింది. మెట్ట, పల్లం, పశువులు, పాత ఇల్లు అన్నీ కాగితం మీదికి ఎక్కాయి. ప్రార్థనకు లేవబోతుంటే తలుపు చాటునుంచి తల్లి అడిగింది: "అయ్యగారూ, మరి నేనెవరి వాటాలో ఉన్నాను?"

అన్నదమ్ములిద్దరూ కాగితం వైపే చూశారు.