రోజుకు 17 సార్లు అడుగుతూ...

చిలకలూరిపేట దగ్గరి ఊళ్లో మిర్చి పండించే ఓ దూదేకుల పెద్దాయన. జొహర్ నమాజుకు నిలబడితే పెదాలు అరబ్బీ చదివేవి, మనసేమో గుంటూరు యార్డులో క్వింటా రేటు చుట్టూ తిరిగేది. ఇది మూడో రకాతా, నాలుగోదా... అదీ గుర్తుండేది కాదు!

ఇంట్లో మాట్లాడేది తెలుగే. సూరాలు చిన్నప్పుడు కంఠస్థం చేసినవి. ఐదు పూటల ఫర్జ్ నమాజుల్లో కలిపి 17 రకాతులు. ప్రతి రకాతులోనూ ఫాతిహా చదువుతారు. అందులో ఉన్నవి ఏడే వాక్యాలు. వాటి అర్థం ఆయనకు తెలిసింది మాత్రం యాభై దాటాక, మనవరాలు తెలుగు ఖురాన్ చదివి వినిపించినప్పుడు. ‘సరైన దారి చూపించమని రోజుకు 17 సార్లు అడుగుతూ, ఏం అడుగుతున్నానో ఒక్కసారైనా ఆగి చూసుకోలేదే’ అనుకున్నాడు.

ఇప్పుడు ఒక్కో వాక్యం దగ్గర కాసేపు ఆగుతాడు. రుకూ, సజ్దాలు హడావుడిగా ముగించడం నమాజులో దొంగతనమేనని ప్రవక్త హెచ్చరించారని చెబుతారు. ఆయనకైతే తండ్రి దూది ఏకిన రోజులు గుర్తొస్తాయి. సరిగా ఏకని దూదితో పరుపు కుడితే నాలుగు రోజులకే గడ్డలు కట్టేది మరి!

రేటు పడిపోయిన రోజున మనసు ఇప్పటికీ యార్డుకు పరిగెడుతుంది. అందుకే మసీదుకు వెళ్లేటప్పుడు ఫోను ఇంట్లోనే పెట్టేస్తున్నాడు. కమీషన్ ఏజెంటు చేస్తే భార్యే ఎత్తి, ‘నమాజుకెళ్లారు, అరగంటాగి చెయ్యండి’ అంటుంది.