పలుకని యంత్రం – పలికే దీపాలు

దీపమనగానే మన మనస్సులో మెదిలేది వెలుతురు. చీకటిని పారద్రోలడమే దీపం పని అని చిన్ననాటినుండి వింటూ వచ్చాము. కానీ లోకంలో కొన్ని దీపాలు వెలుతురు నివ్వడానికి పుట్టలేదు. వార్త చెప్పడానికి పుట్టినవి. రైలు మార్గంపై సిగ్నలు దీపం అటువంటిది. ఓడలకు దారి చూపే రేవు దీపస్తంభం అటువంటిది. మా కళాశాల కంప్యూటరు ప్రయోగశాలలో ఒక మూల నిలబడియున్న నల్లని పెట్టె ముఖంమీద వెలిగే చిన్న చిన్న దీపాలు కూడా ఆ కోవకు చెందినవే. వాటిని ప్రతి ఉదయం చూచి పుస్తకంలో వ్రాసి పెట్టే పని వారానికొక విద్యార్థి వంతున మాకు అప్పగింపబడినది. ఆ పని మూలంగా తెలిసివచ్చిన సంగతులను పాఠక మిత్రులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ పెట్టెను సర్వరు అంటారు. అడిగిన కంప్యూటరుకు అడిగినది అందించడం దాని వృత్తి. మన గ్రంథాలయపు పుస్తకాల పట్టిక, విద్యార్థుల ప్రవేశ పత్రాల నకళ్ళు, ఉపకార వేతనాల దరఖాస్తుల వివరాలు, ఉర్దూ తెలుగు శాఖల వారు తయారుచేసుకున్న పాఠాలు, అన్నీ దాని కడుపులోనే ఉన్నవి. ఇనుప చట్రంలో సొరుగువలె అడ్డంగా అమరే సర్వర్లు కొన్ని. బీరువావలె నేలమీద నిలువుగా నిలబడేవి కొన్ని. ఈ రెండవ జాతిని టవర్ సర్వర్లంటారు. మాది హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ వారి ప్రోలయంట్ ఎం.ఎల్.350, తొమ్మిదవ తరం. దానిముందు తెర లేదు, అక్షరాల పలక లేదు. కొత్తగా చూచినవారు “ఇది పని చేస్తున్నదా, లేదా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు సమాధానం దాని ముఖంమీదనే ఉన్నది. చదువగలిగితే చాలు.

ఇది కొత్త పద్ధతి కాదు. 1965లో అమెరికాలో వెలువడిన పి.డి.పి.-8 కంప్యూటరుకు ముందు భాగమంతా మీటలు, దీపాల వరుసలే. 1975 జనవరిలో ఒక అమెరికన్ పత్రిక ముఖచిత్రంగా లోకానికి పరిచయమైన ఆల్టేర్ 8800 కూడా అంతే. మీటలను పైకీ క్రిందికీ కదిపి ఒకట్లు, సున్నలు ఎక్కించేవారు. దీపాలు వెలగడాన్నిబట్టీ, ఆరడాన్నిబట్టీ లెక్క ఫలితం చదువుకొనేవారు. తర్వాత తెరలు వచ్చి ఆ దీపాల అవసరాన్ని తగ్గించివేసినవి. తెర లేని సర్వరు ముఖంమీద మాత్రం ఆ పాత భాషలో కొన్ని మాటలు ఇంకా మిగిలియున్నవి.

మొదట విద్యుత్తు మీట సంగతి. దానిలోనే ఒక దీపం ఇమిడి ఉన్నది. గోడలోనుండి విద్యుత్తు అసలే రానప్పుడు అది వెలగదు. విద్యుత్తు వచ్చి యంత్రం ఇంకా మొదలు కానప్పుడు నారింజరంగులో నిలకడగా వెలుగుతుంది. మీట నొక్కిన తర్వాత మొదలయ్యే క్రమం సాగుతున్నంతసేపు ఆకుపచ్చగా మిణుకుమంటుంది. పూర్తిగా మేలుకొన్న తర్వాత ఆకుపచ్చరంగు నిలకడగా నిలుస్తుంది. ఈ నాలుగు దశలలో అందరినీ తికమక పెట్టేది నారింజరంగే. మా ప్రయోగశాల సహాయకులు, విద్యార్థులందరూ ‘చాచా’ అని పిలిచే పెద్దాయన, మొదటి రోజులలో ఆ రంగు చూడగానే “బేటా, దీనికి జ్వరం వచ్చింది” అని కంగారుపడేవారు. జ్వరం కాదు, నిద్ర. అయితే ఆ నిద్ర మృతి వంటిది కాదు. యంత్రాన్ని దూరంనుండి కనిపెట్టి ఉండే చిన్న చిప్పు ఒకటి లోపల అప్పుడు కూడా మెలకువగానే ఉంటుంది. దానికి విద్యుత్తు అందుతూనే ఉంటుంది. కనుక నారింజ దీపం చూచి “ఆగిపోయింది కదా” అని మూత తెరచి చేయి పెట్టరాదు. రెండు విద్యుత్ సరఫరా పెట్టెలున్న యంత్రమైతే వెనుకనున్న రెండు తీగలనూ ఊడదీయాలి. ఒక్కటి ఊడదీసి నిశ్చింతగా ఉండేవారు చాలామంది!

మీట విషయంలో మరొక మాట. దానిని తాకి వదలివేయడం వేరు, అదిమి పట్టుకోవడం వేరు. తాకి వదిలితే అది ఆపరేటింగ్ సిస్టంకు చేసే మనవి: “ఇక పని ముగించు” అని. అప్పుడు యంత్రం తెరచిన కాగితాలు సర్దుకొని, వ్రాయవలసినది వ్రాసుకొని ఆగుతుంది. నాలుగు సెకండ్లకు పైగా అదిమి పట్టితే అది మనవి కాదు, మెడ పట్టి గెంటడం. వ్రాస్తున్న వాక్యం మధ్యలోనే కలం లాగివేసినట్లవుతుంది. విద్యుత్తు పోయి తిరిగి వచ్చిన ఉదయాలలో సర్వరు మేలుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. జ్ఞాపకశక్తిని, తక్కిన అవయవాలను ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటుంది. ఆ మిణుకును చూచి “చిక్కుకుపోయింది” అని వేలితో అదిమి పట్టే మిత్రులకు ఓర్పు అవసరం.

విద్యుత్తు మీట పొరుగుననే ఆరోగ్య దీపం. నిలకడైన ఆకుపచ్చ అయితే క్షేమం. నారింజరంగులో మిణుకుతుంటే ఏదో ఒక భాగం నలతగా ఉన్నదని, ఎర్రగా మిణుకుతుంటే పరిస్థితి విషమించినదని అర్థం. ఇది వైద్యుని వంటిది కాదు, నాడి వంటిది. జబ్బు ఉన్నదని చెబుతుంది గానీ ఏ అవయవానికో చెప్పదు. అందుకు లోపలి చిట్టాను తెరచి చదువవలసినదే. తక్కిన కంప్యూటర్లతో సంబంధాన్ని తెలిపే దీపం గురించి చెప్పవలసినది తక్కువ: నిలిచి వెలిగితే తీగ కలిసింది, మిణికితే మాటలు సాగుతున్నవి, ఆరితే ముందుగా తీగను చూడండి.

నీలిదీపం మాత్రం నాకు ప్రత్యేకంగా ఇష్టం. దాని మీటను ముందువైపు నొక్కితే వెనుకవైపు కూడా ఒక నీలిదీపం వెలుగుతుంది. ఒకే పోలికగల పది యంత్రాలున్న గదిలో వెనుకకు వెళ్ళినవాడు పొరపాటున మరొక యంత్రపు తీగ లాగకుండా “నేనే, ఇక్కడున్నాను” అని అది చెబుతుంది. దూరంలో ఉన్న నిర్వాహకుడు కూడా దానిని వెలిగించవచ్చు. అది మిణుకుతుంటే మాత్రం దూరంనుండి ఎవరో పని చేస్తున్నారని, లేదా యంత్రంలోని మూల ఆదేశాలు మారుతున్నవని గ్రహించి విద్యుత్తు జోలికి పోకూడదు. ఇంతకూ ఈ రంగు యంత్రాల ముఖంమీదికి ఆలస్యంగా వచ్చింది. కంటికి కనిపించే ఎర్రని ఎల్.ఇ.డి. దీపాన్ని 1962లో నిక్ హోలోన్యాక్ చేసి చూపారు. ఆకుపచ్చ, పసుపు వచ్చినవి. తగినంత ప్రకాశంగల నీలి దీపం మాత్రం 1990 తర్వాతగానీ చేతికి చిక్కలేదు. ఆ కృషికి అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి లభించింది. తెల్లని ఎల్.ఇ.డి. సాధారణంగా నీలి దీపంపై పూత పూసి చేసేదే. ఆ తెల్లని దీపం గురించి ఇప్పుడు చెప్పాలి. నా దృష్టిలో సర్వరు ముఖంమీద అన్నిటికంటె విలువైనది అదే.

సమాచారమంతా డిస్కులలో ఉంటుంది. అవి ముందువైపు సొరుగులలో అమరి ఉంటవి. యంత్రం నడుస్తూ ఉండగానే బయటికి తీయవచ్చును. మా యంత్రంలో మూడు డిస్కులను ఒక కూటమిగా కట్టారు. దాని గణితం తేలికగా ఇలా ఊహించవచ్చు. మొదటి డిస్కులో 40 అనే అంకె ఉన్నది, రెండవ దానిలో 35. మూడవ దానిలో ఈ రెంటి మొత్తం 75. ఇప్పుడు రెండవ డిస్కు చెడిపోయినదనుకుందాం. 75లోనుండి 40 తీసివేస్తే పోయిన 35 తిరిగి వస్తుంది. యంత్రం చేసేది ఒకట్లు సున్నల లెక్క, ఆ మొత్తాన్ని కూడా ఒకే డిస్కులో ఉంచక మూడింటికీ పంచుతుంది. అయినా సూత్రం ఇదే. ఒకటి పోతే బ్రతకవచ్చు. రెండు పోతే దారి లేదు.

సర్వరును మా గదిలో నిలబెట్టిన రోజున, అసలు సమాచారం ఎక్కించకముందే, మా అధ్యాపకులు ఒక పరీక్ష చేసి చూపారు. ఒక చిత్రాన్ని మాత్రం దానిలో ఉంచి, మమ్మల్ని చుట్టూ నిలబెట్టి, నడుస్తున్న యంత్రంలోనుండి మధ్య డిస్కును లాగివేశారు. మాలో కొందరు “అయ్యో” అన్నారు. ఏమీ కాలేదు! గది చివర కంప్యూటరులో ఆ చిత్రం ఎప్పటివలెనే తెరుచుకున్నది. మారినదల్లా ఒక్కటే: మిగిలిన రెండు డిస్కుల సొరుగులపై తెల్లని దీపాలు వెలిగినవి. “మమ్మల్ని తీయవద్దు” అని ఆ దీపాల అర్థం. తీస్తే సమస్తం పోతుంది. డిస్కును తిరిగి పెట్టగానే దాని దీపం ఆకుపచ్చగా మిణుకుతూ, పోయిన లెక్కలన్నీ తిరిగి వ్రాసుకోసాగింది. ఆ పని గంటల తరబడి సాగినది. అది ముగిసిన పిదపనే తెల్లదీపాలు ఆరినవి.

ఆ చిత్రం తెరుచుకున్న క్షణమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. డిస్కు లేదు, అయినా ఎవరికీ ఏ లోటూ తెలియలేదు. నిజమైన ప్రమాదం అక్కడే ఉన్నది. చెడిన యంత్రం ఆగిపోతే పదిమంది పరుగెత్తుకొని వస్తారు. చెడి కూడా నడిచే యంత్రాన్ని ఎవరు పట్టించుకుంటారు? మా పెదనాన్నగారి కుమారుడు పనిచేసే ఒక కార్యాలయంలో (పేరు అప్రస్తుతం) సరిగా ఇదే జరిగింది. సర్వరును ఒక చెక్క అరలో పెట్టి తలుపు వేశారు. ఒక డిస్కు ఎన్నడో పోయింది. దాని నారింజ దీపం చీకటి అరలో తనకు తానే వెలుగుతూ ఉండిపోయింది. పనులు సాగుతున్నవి కనుక ఎవరూ తలుపు తీయలేదు. ఒకనాడు రెండవ డిస్కు పోయింది. వేరుగా దాచుకున్న నకలు కూడా పాతదే. “తమ్ముడూ, ఆ దీపం ఎన్ని నెలలు వెలిగిందో లెక్క కట్టగలిగినవాడు కూడా మాలో లేడురా” అని అన్నయ్య చెప్పినప్పుడు నాకు జవాబు తోచలేదు. ఈ కూటమి నకలుకు బదులు కాదని కూడా ఇక్కడే చెప్పాలి. పొరపాటున చెరిపివేసిన దస్త్రాన్ని మూడు డిస్కులూ సమానమైన విధేయతతో చెరిపివేస్తాయి!

రంగులను నమ్ముకోవడంలో మరో చిక్కు ఉన్నది. మా తరగతిలోని ఒక మిత్రునికి పుట్టుకనుండి ఎరుపు, ఆకుపచ్చల భేదం సరిగా తెలియదు. పురుషులలో ఇది అంత అరుదు కాదు. తన వంతు వారంలో అతడు రంగును మరొకరిచేత చెప్పించుకొని, మిగిలినది తానే చూచేవాడు: నిలకడా, మిణుకా, డిస్కు సొరుగుపై తిరిగే వలయం తిరుగుతున్నదా, నిలిచిపోయినదా. పక్క డిస్కుల వలయాలు తిరుగుతూ ఒక్కటి మాత్రం ఎంతకూ కదలకుంటే దాని రంగు చూడవలసినదే అని అతడు పుస్తకంలో వ్రాసిన సూచన మా అందరికీ ఉపయోగపడింది. పైగా రంగుల అర్థం అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. డెల్ వారి టవర్ సర్వర్లు కొన్నింటిలో నిలకడైన నీలిదీపం ఆరోగ్యానికి గుర్తు. మిణికితేనే అది “నేనిక్కడ” అనే పిలుపు. కనుక రంగులను కంఠస్థం చేసేకంటె, ఆ యంత్రంతో వచ్చిన పట్టికను చూచి తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి పక్కగోడకు అతికించడం మేలు. మేము అలాగే చేశాము.

మా పుస్తకం సంగతి కూడా చెప్పనివ్వండి. చాచా ఉదయం తాళం తీయగానే తాను చూచినది ఉర్దూలో కుడినుండి వ్రాస్తారు: హరా, నారింజీ, నీలా అని. విద్యార్థి అదే వరుసలో ఎడమనుండి తెలుగులో వ్రాస్తాడు. రెండు వ్రాతలు పుట మధ్యలో కలుసుకుంటాయి. తేడా వస్తే ఇద్దరూ మరల వెళ్ళి చూడవలసినదే. ఇప్పుడు చాచా నారింజరంగు చూచి కంగారుపడరు, “ఏ దీపం?” అని ముందు అడుగుతారు.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో రెండు మనవులు. ప్రస్తుతం మా వద్ద అదనపు డిస్కు లేదు. ఉన్నవాటికి సరిపోయే రకం, తగ్గని పరిమాణం గలది ఒకటి ముందుగా కొని ఉంచితే, నారింజ దీపం వెలిగిన రోజుననే మార్చవచ్చును. దరఖాస్తు, అనుమతి, కొనుగోలు అన్నీ అయ్యేంతవరకు తెల్లదీపాల మీద కాలక్షేపం చేయనవసరం లేదు. రెండవది, సర్వరు ముందు తలుపుకున్న తాళంచెవి. అది కార్యాలయపు బీరువాలో ఉంటున్నది. డిస్కుల దీపాలు ఆ తలుపు వెనుకనే ఉన్నవి. ఆదివారాలలో, పండుగ సెలవులలో చాచా గది తెరవగలరు గానీ బీరువా తెరిచేవారు ఉండరు.