మాడుగుల ప్రయాణము – జీలుగు విత్తులు

మాడుగుల యనగానే మన సోదరీమణులకు హల్వాయే జ్ఞప్తికి వచ్చును. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు దీసి, పంచదారయు నేయియు జేర్చి, పొయ్యికడ గంటలకొలది నిలిచి కలియబెట్టి చేయు నా హల్వా మా యూరికి దూరదేశములందు సైతము పేరు దెచ్చినది. అయినను గడచిన వేసవి సెలవులలో నేను పుట్టినింటికి వెళ్లినది హల్వా కొఱకు గాదు; మా పెరటిలోని యొక చెట్టు గింజల కొఱకు. అది జీలుగుచెట్టు. దాని కది కడపటి కాపు. ఆ కాపు రాలిపోవుటకు ముందే దాని సంతతిని చేత బట్టుకొనవలెనని నా తొందర.

అనకాపల్లిలో బస్సెక్కి చోడవరము చేరితిమి. అచట స్వయంభూ విఘ్నేశ్వరుని దర్శించుకొని, మరల బయలుదేరి, వడ్డాది మీదుగా మాడుగుల దారి పట్టితిమి. ఈ వడ్డాది పూర్వము మత్స్యవంశపు రాజులకు రాజధాని. నేడు దారి కిరువైపుల చెఱకు తోటలును, వరి మళ్లును గానవచ్చును. చెఱువు గట్లపై తాళ్లు వరుసలు దీరి నిలిచియుండును. వాని నడుమ పొట్టి యీతచెట్లు. పడమటి దిక్కున తూర్పుకనుమల నీలిమ క్రమక్రమముగా దగ్గఱకు వచ్చి, మాడుగుల చేరునప్పటికి పెరటిగోడవలె నిలుచును. ఇచటినుండియే పాడేరు వెళ్లు కనుమదారి కొండ నెక్కును. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండిన మా యూరు 2022 ఏప్రిలు నుండి అనకాపల్లి జిల్లాలోనిది. కొండపైని పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణము. జిల్లాలు వేఱైనను సంతలు వేఱు కాలేదు. పసుపు, చింతపండు, అడ్డాకులు పట్టుకొని కొండవారు దిగుచునే యుందురు.

మా నాన్నగారు నాకు అమరము చెప్పునపుడు తాటికి తృణరాజమను పేరు గలదని చెప్పగా నేను నవ్వితిని. ఆకాశము నంటు చెట్టు గడ్డిజాతి యెట్లగునని యడిగితిని. ఆయన నన్ను పెరటిలోనికి దీసికొని పోయి, తాటిమొద్దును, వెదురుబొంగును, గడ్డిపోచను చూపి, వీనిలో మామిడి మ్రానున నుండునట్టి వలయములు లేవనియు, బెరడు ఒలువరాదనియు చెప్పెను. నేటి వృక్షశాస్త్రజ్ఞులును తాటిని, కొబ్బరిని, పోకను, ఈతను, జీలుగును గడ్డితోపాటు ఏకదళబీజముల వర్గమునందే చేర్చుచున్నారు. భాగవతమున బలరాముడు తాళ్లను గదల్చి పండ్లు రాల్చిన ధేనుకాసురుని కథ చెప్పునపుడు సైతము నాన్నగారు పండ్లు రాలిన తరువాత టెంక లేమయ్యెనో చెప్పుమని నన్ను పరీక్షించెడివారు. నా కాప్రశ్నకు సమాధానము తెలియుటకు ముప్పది యేండ్లు దాటవలసి వచ్చినది.

జీలుగును చూడని సోదరీమణుల కొఱకు దాని రూపమును జెప్పెదను. మ్రాను కొబ్బరివలె నిటారుగా నుండును. ఆకు మాత్రము వేఱు. తాళజాతు లన్నిటిలోను ఆకు రెండుమార్లు చీలునది యీ జాతి యొక్కటియే. చీలిన ప్రతి ముక్కయు చేపతోకవలె నుండును. పూగెల గుఱ్ఱపుతోకవలె నిలువునా వ్రేలాడును. మగపూలును ఆడుపూలును ఒకే గెలలో నుండును. అన్నిటికంటె వింత యేమనగా, ఇది మొదట తలకడ పూచి, తరువాత దానికి క్రింది కణుపున, మరల దాని క్రిందను, ఇట్లు కొన్ని యేండ్లు పైనుండి దిగువకు పూచుచు వచ్చును. అడుగు గెల పండిన పిమ్మట చెట్టు మరణించును. అరటివలె పిలకలు పెట్టదు. కావున గింజ తప్ప దానికి వేఱు వంశము లేదు.

మా చెట్టు నాకు పదేండ్ల వయసున నాన్నగారు నాటినది. సంతకు వచ్చిన కొండయవ్వ యొకతె ఆకుదొన్నెలో మొలకను పెట్టి తెచ్చి యిచ్చెను. ఇరువదేండ్లకు పైగా అది పెరిగినది గాని పూవు చూపలేదు. నాన్నగారు పోయిన మఱుసటి సంవత్సరము తొలి గెల వేసినది. దాని గుణ మెఱుగని మేము చెట్టు ఫలించినదని సంతోషించితిమి. అదియే దాని యంతమునకు మొదలని కొండవారు చెప్పువఱకు మాకు తెలియదు.

నాలుగేండ్ల క్రిందట ఆ తొలి కాపు పండినపుడు నేను గింజలు దెచ్చుకొని పెద్ద తప్పు చేసితిని. వడియములను ఎండబెట్టినట్లు డాబాపై పదిదినములు ఎండించి, డబ్బాలో బోసి, మూడు నెలలు దాచి, పిమ్మట నాటితిని. ఒక్కటియు మొలవలేదు. ధాన్యపు గింజ ఎండినకొలది నిలువయుండును. తాళజాతుల గింజలలో అనేకములు ఎండినచో చచ్చును. వడ్లకు తగిన మర్యాద జీలుగునకు శిక్ష యైనది. నే నెవ్వరి నడుగక చేసితిని గనుక ఆ తప్పు నాదే.

తరువాతి రెండేండ్లు మా అన్నగారు చెట్టును గీతకు ఇచ్చిరి. ఇంటి కప్పు మరమ్మతునకు సొమ్ము కావలసియుండెను. జీలుగుకల్లునకు మా ప్రాంతమున గిరాకి గలదు. ఆయనను తప్పు పట్టజాలను. కాని పూయక పూర్వమే గెలను కోసి కల్లు దీయుదురు గనుక, గీచిన గెలకు కాయ యుండదు. నిరుటికి ముందటి సంక్రాంతికి నేను వెళ్లినపుడు గీతకాడు చెట్టడుగును జూపి, ఇంక మిగిలినది ఇదొక్కటే గెల యని చెప్పెను. నేను దానిని విడువుమని కోరితిని. అన్నగారు, "చచ్చే చెట్టుకు గింజలేమిటమ్మా, దాని ఋణము కూడ తీరిపోనీ" యనిరి. నేను మాఱు పలుకలేకపోతిని. వదినగారు వంటయింటి గుమ్మముననుండి, "ఆ గెల వెల నేనిచ్చుకుంటాను. మామయ్యగారు నాటిన చెట్టు, అమ్మాయి అడుగుతోంది" యనిరి. అన్నగారు మాటాడలేదు. గెల నిలిచినది. ఆమె యా సొమ్మును కూరల ఖర్చులో మిగిల్చి నాలుగు నెలలలో ఆయన చేతిలో బెట్టెనని తరువాత వింటిని.

ఆ గెలయే గడచిన వేసవిలో పండినది. ఎఱ్ఱని గుండ్రని కాయలు, పెద్ద రేగుపండ్లంత, దండలు దండలుగా వ్రేలాడుచుండెను. వానిని చూచి నేను ఆత్రపడి వట్టిచేతులతో నలిపి గుజ్జు దీయబోతిని. క్షణములో అరచేయి నిప్పులు ద్రొక్కినట్లు మండి, దురద మోచేతివఱకు ఎగబ్రాకినది. వదినగారు నవ్వుచు, కందకు లేని దురద కత్తిపీట కెందుకని సామెత యున్నది గాని, యిచట కంద కుండవలసిన దురద కత్తిపీటకే పట్టినదనిరి. సామ్యము నిజమే. కందలోను చేమలోను నుండు కాల్షియం ఆక్జలేటు సూదులే యీ గుజ్జులోను గలవు. 1753లో లిన్నేయసు ఈ చెట్టునకు కేర్యోటా యూరెన్సు అని పేరు పెట్టెను. అందలి రెండవ మాటకు మండించునది యని యర్థము. పండితుడు పేరులోనే హెచ్చరిక యుంచినను చేయి కాల్చుకొనినగాని నాకు తెలియలేదు.

పిమ్మట చేసిన పద్ధతి యిది. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, నిండుగా పండిన కాయలను మాత్రము ఏఱితిమి. పాతబకెట్టులో నీరు బోసి నానవేసి, ప్రతిదినమును నీరు మార్చితిమి. మూడు నాలుగు దినములకు గుజ్జు మెత్తబడినది. అపుడు గోనెసంచిలో కొంత ముతక యిసుకతో జేర్చి, కఱ్ఱతో మెత్తగా దొర్లించి, పలుమాఱులు కడిగితిమి. గుజ్జు మిగిలినచో బూజు పట్టును, చీమలు చేరును. కడిగిన నీటిని పిల్లలు ద్రొక్కని చోట పారబోయవలెను. శుభ్రమైన గింజలను నీట వేయగా పైకి తేలినవి కొన్ని; అవి తఱచుగా బోలు గింజలు గనుక తీసివైచితిమి. మునిగినవి రెండువందల అరువది. వానిని నీడలో పాతచీరపై పఱచి, పైతడి యారువఱకు మాత్రమే యుంచితిమి, ఎండ సోకనీయలేదు.

ఇరువదేసి చొప్పున పదిమంది స్నేహితురాండ్రకు పంచి, అరువది నాకొఱకు ఉంచుకొంటిని. పంచుటయందును ఒక మెళకువ గలదు. కొబ్బరిపీచు పొడిని తడిపి, గుప్పిట బిగించి పిండినపుడు చుక్క రాలనంత తడి మాత్రము మిగిల్చి, దానిలో గింజలు గలిపి ప్లాస్టికు సంచిలో బెట్టవలెను. సంచిపై చెట్టు పేరు, ఊరు, కోసిన తేది వ్రాయవలెను. తేది లేని గింజ వయసు దాచిన పెండ్లికూతురు వంటిది. తీసికొన్నవారికి తరువాత చింత. ఇట్లు ఇంటింటికి గింజలు పంచుకొనుట మన కొక్కరికే యలవాటు గాదు. 1956లో అమెరికాలోని ఫ్లోరిడాలో డెంటు స్మిత్తు అను నాయన తాళజాతుల ప్రియులను గూర్చి యొక సంఘమును స్థాపించెను. అది నేడు అంతర్జాతీయ సంఘమై యున్నది. ఆ సంఘపువారును గింజలను కడిగి, పొట్లములు గట్టి, దేశదేశములకు పంచుకొనినవారే. సరకు వేఱైనను పని మన పచ్చళ్ల పంపకము వంటిదే.

ఇక మొలకెత్తించుట. దీనికి మనకు గురువు తేగలపాతర. శ్రావణ భాద్రపదములలో రాలిన తాటిపండ్ల రసము దీసికొని, టెంకలను గుల్లమట్టిలో గుట్టగా బేర్చి కప్పుదుము. టెంకనుండి వెలువడు మొలక పైకి రాక, మొదట నేలలోనికి దిగును. ఆ దిగిన కాడయే తేగ. సంక్రాంతి నాటికి త్రవ్వి, ఉడికించియో కాల్చియో తిందుము. టెంక లోపల తియ్యగా నుండు బుఱ్ఱగుంజు, గట్టి కొబ్బరిని కరగించి మొలకకు అందించు అవయవము. బలరాముడు రాల్చిన పండ్ల టెంక లేమయ్యెనని నాన్నగారడిగిన ప్రశ్నకు సమాధాన మిదియే: తినువారు లేనిచో, అవి లోతునకు దిగి తరువాత లేచును. జీలుగు మొలకయు మొదట క్రిందికే దిగును. కావున పళ్లెములు పనికిరావు. లోతైన కుండీ కావలెను.

ఎఱ్ఱమట్టి, ఇసుక, పీచుపొడి సమముగా గలిపి, గింజలను అంగుళము లోతున పరుండబెట్టి, వెచ్చని నీడలో ఉంచితిని. నేల యారనీయలేదు, ఊరనీయలేదు. ఎలుకలు త్రవ్వకుండ పైన ఇనుపవల కట్టితిని. జ్యేష్ఠమున నాటినవి. ఆషాఢము గడచినది, శ్రావణము గడచినది. మొలచినదేమోయని త్రవ్వి చూడవలెనని నా చేతులు దురదపెట్టినవి. ఈ దురదకు తొడుగులు లేవు. త్రవ్వినచో లేతవేరు విఱుగును గనుక ఓర్చుకొంటిని.

దసరా నాడు వదినగారు ఫోను చేసి, చెట్టు మొవ్వు వ్రాలి ఎండిపోయినదని చెప్పిరి. మ్రానును కొట్టించిరట. కొండవారు కొందఱు వచ్చి బోదెను అడిగి తీసికొనిరట. జీలుగు బోదెలోని పిండిని కొండరెడ్లు కఱవునాళ్ల ఆహారముగా వాడు సంగతి, 1945లో హైమెండార్ఫు వారినిగూర్చి వ్రాసిన గ్రంథమునందును గలదు. నాన్నగారి చెట్టు ఎవరి పొయ్యిమీదనో గంజి యైనదని తలచి నాకు దుఃఖముతోపాటు కొంత తృప్తియు కలిగినది. ఆనాడు నా కుండీలలో ఒక్క మొలకయు లేదు.

కార్తికమున, పౌర్ణమి గడచిన మూడవనాడు, మొదటి సూది పైకి వచ్చినది. పుష్యము వచ్చునప్పటికి ఇరువదిరెండు మొలచినవి. తొలి యాకు రెండుగా చీలి, అంచులు కొఱికినట్లుండి, చిన్న చేపతోకయే. పంచిపెట్టిన పదిమందిలో ఆరుగురికి మొలచినవి, ఇద్దఱికి ఎలుకలు తినివైచినవి, ఇద్దఱింకను వేచియున్నారు. ఒకేనాడు నాటినవి ఒకేనాడు మొలవవు. నెలల తేడా యుండుట ఈ జాతికి సహజము. కావున తొందరపడి మట్టి పారబోయవలదని వారికి చెప్పితిని.

ఇది యొక్క పెరటి ముచ్చట మాత్రమే కాదు. గెలలన్నియు గీతకే పోయినచో కొండలలో జీలుగు వంశము సన్నగిల్లును. డాక్టరు వై.యస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయమువారు రంపచోడవరము చెంతనున్న పందిరిమామిడి పరిశోధనాస్థానమున తాటిని, జీలుగును గూర్చి పరిశోధనలు చేయుచున్నారు. పండితులు వారి పని చేయుదురు. మనము చేయదగినది, చెట్టున కొక గెలను విడువుమని ఇంటి పెద్దల నడుగుటయు, ఆ గింజలను ఎండనీయక పదిమందికి పంచుటయు. పాతర త్రవ్వునపుడు నాలుగు టెంకలను చెఱువుగట్టున విడిచిపెట్టుటయు అట్టిదే. తాటిలో పోతో పెంటియో పూచువఱకు తెలియదు గనుక ఒక్కటి చాలదు, నాలుగైన నుండవలెను.

రానున్న వేసవిలో రెండు కుండీలు మాడుగులకు తీసికొని పోవుదును. ఒకటి నాన్నగారి చెట్టున్న గోతిలోనే నాటుటకు. రెండవది వదినగారి చేతి కిచ్చుటకు. ఆ గెల వెల యిచ్చినది ఆమె గదా. అన్నగారు అప్పుడే గొయ్యి త్రవ్వించి, పెంటఎరువు వేయించి యుంచినారని నిన్నటి ఫోనులో తెలిసినది.