మడతలో ఇమిడే సాధన

చార్మినార్‌కు కూతవేటు దూరంలో, పత్తర్‌గట్టీ దుకాణాల్లో నమాజు చేసుకునే జానమాజ్‌లు దొంతరలుగా కనిపిస్తాయి. ఒక మనిషి నిలబడి, వంగి, నుదురు నేలకు ఆనించేంత గుడ్డ. మడిస్తే చంకలో ఇమిడిపోతుంది. యోగా మ్యాట్‌కూ ఇంచుమించు అంత చోటే చాలు. అయినా ఊరు దాటగానే ముందు ఆగిపోయేది సాధనే. లాడ్జి గది ఇరుకు, పరికరాలు లేవు, వేళ కుదరదు అంటాం. పిలాటిస్ వ్యాయామ పద్ధతికి తన పేరే ఇచ్చిన జోసెఫ్ పిలాటిస్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్ నిర్బంధ శిబిరంలో ఉంటూనే తన వ్యాయామాలకు పదును పెట్టుకున్నాడు. ఇరుకు అడ్డంకి కాదనడానికి ఇంకేం కావాలి?

ఇక వేళ సంగతి. ప్రయాణంలో ఉన్నవారు 4 రకాతుల (ఆవృత్తుల) నమాజును 2 రకాతులకు కుదించుకునే వెసులుబాటు ఇస్లాంలో ఉంది. మానెయ్యమనలేదు, తగ్గించుకోమంది. ఆరాధననూ వ్యాయామాన్నీ ఒకే గాటన కట్టకూడదని ఎవరైనా అనవచ్చు. నిజమే, రెంటి పరమార్థం వేరు; అలవాటును నిలబెట్టే కిటుకు మాత్రం ఒక్కటే. పన్నెండు సూర్యనమస్కారాలు కుదరని పొద్దున రెండు చాలు. అరకొర సాధనతో ఒంటికి ఒరిగేదేముంది అంటే, పెద్దగా ఉండకపోవచ్చు. కానీ దారం తెగదు. మడత విప్పినంత మేర, ఏ ఊరైనా ఇల్లే.