స్టేషను మాస్టరుకు వ్రాసిన జాబు

చార్లెస్ డికెన్సు కథలను పాఠశాలలో సంక్షేపముగా చదువుకొన్నవారు మన సంఘమున పెక్కురు కలరు. ఆయనకు నాటకములన్న ప్రాణమనియు, ఆ నాటకశాలలోనే 45వ ఏట ఒక నటిపై మనసుపడెననియు మాకు ఉద్యోగ విరమణానంతరము గాని తెలియలేదు. క్లెయిర్ టొమాలిన్ అను రచయిత్రి 1990లో ప్రకటించిన గ్రంథమువలన ఆ కథ మాకు తెలిసినది.

1857లో డికెన్సు తన మిత్రుడు విల్కీ కాలిన్సు రచించిన ‘ది ఫ్రోజెన్ డీప్’ అను నాటకమును ఆడించుచుండెను. స్త్రీ పాత్రలను ఆయన కుమార్తెలును మరదలును ధరించుచుండిరి. విక్టోరియా రాణి సైతము దానిని తిలకించెను. ఆగస్టు మాసమున మాంచెస్టరులోని ఫ్రీ ట్రేడ్ హాలులో ఆడవలసివచ్చినపుడు, అంత పెద్ద హాలులో ఇంటి ఆడువారి గొంతు వినబడదని తలచి వృత్తినటీమణులను పిలిపించిరి. అట్లు టెర్నన్ కుటుంబమునుండి తల్లియు ఇద్దరు కుమార్తెలును వచ్చిరి. వారిలో చిన్నది ఎలెన్, వయస్సు 18. గొంతు వినబడుటకై పిలువబడిన ఆ పిల్ల ఆపైన బ్రతుకంతయు నోరు మెదపక గడపవలసివచ్చినది!

మరుసటి ఏట డికెన్సు, తనకు పదిమంది బిడ్డలను కన్న కాథరిన్‌ను వేరుపెట్టి, పత్రికలలో ప్రకటన చేసెను. అందు ఎలెన్ పేరు లేదు. 1859లో ఆమె రంగస్థలమును విడిచినది. నటిని చూచి చప్పట్లు కొట్టుదురు గాని ఇంట కలుపుకొనుటకు జంకుదురు. ఇది ఆ దేశమునకే చెల్లిన గుణము కాదు. మా బళ్ళారి రాఘవగారు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించవలెనని పట్టుబట్టిన మహానుభావులు. వారి పేరు చెప్పి పొంగిపోవు మా పెద్దలే, మా పెద్దమ్మ కూతురు బడి నాటకమున వేషమునకు ఎంపిక కాగా, ససేమిరా వలదనిరి. ఆ అక్క నేటికిని వంటింటిలో పద్యములు పాడుకొనును.

1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్టువద్ద రైలు వంతెనపై పట్టాలు తప్పి పదిమంది మరణించిరి. డికెన్సు, ఎలెన్, ఆమె తల్లి కూర్చున్న పెట్టె వంతెన అంచున వ్రేలాడెను. ఆయన క్షతగాత్రులకు నీరు త్రాగించెను. మరల పెట్టెలోనికెక్కి తన నవల వ్రాతప్రతిని తెచ్చుకొనెను. ఆ నవల చివర ప్రమాదమును ప్రస్తావించుచు, తనతో ప్రయాణించినవారని తన కథలోని పాత్రలను పేర్కొనెనేగాని ప్రక్కనున్న స్త్రీని పేర్కొనలేదు. అయినను మూడు దినముల పిదప చేరింగ్ క్రాస్ స్టేషను మాస్టరుకు ఒక జాబు వ్రాసెను: తనతోనున్న ఒకానొక స్త్రీ బంగారు గడియారపు గొలుసును, ఎలెన్ అని చెక్కిన బంగారు ముద్రను పోగొట్టుకొన్నదట. మేము ముప్పదియేండ్లకు పైగా కచేరీలో జాబుల రిజిస్టరు వ్రాసినవారము. పెద్ద సంగతిని దాచినవారు చిన్న వస్తువుల జాబితాలో పట్టుబడుట పలుమార్లు చూచితిమి.

సరిగా ఐదేండ్లకు, 1870 జూన్ 9న, డికెన్సు గతించెను. వీలునామాలో మొదటి పేరు ఎలెన్‌దే; వేయి పౌండ్లు. ఆయన కీర్తికి లోటేమియు రాలేదు. ఆమెయో, 1876లో ఒక ఉపాధ్యాయుని వివాహమాడి, వయస్సు పదేండ్లకు పైగా తగ్గించి చెప్పుకొని, ఆ గతమును కాలమునుండియే తుడిచివేసినది. 1914లో ఆమె మరణించిన పిమ్మటగాని కుమారునకు నిజము తెలియలేదు. డికెన్సు ఆమెకు వ్రాసిన జాబులలో ఒక్కటియు నేడు మిగిలి లేదు. స్టేషను మాస్టరుకు వ్రాసినది మాత్రమున్నది.