ఊరికే వచ్చిన వాన కబురు



ధ్యాన భాగం: అపొస్తలుల కార్యములు 11:27-30. ముందుగా బైబిలు తీసి ఈ నాలుగు వచనాలు చదువుకోండి.

ఈ వారం నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆదివారం ఆరాధనలో ఒప్పుకున్నాను. ఊర్లో లేనివాళ్లు వినలేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

దసరాకు వారం ముందు ఒక రాత్రి నా ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. మూడు రోజుల పాటు కర్నూలు జిల్లాలో అతి భారీ వర్షాలు పడతాయని, రైతులు వెంటనే పంట తీసుకోవాలని ఎర్ర అక్షరాలతో ఉంది. ఎవరు రాశారో లేదు. ఏ రోజు రాశారో లేదు. మేలు చేస్తున్నాననుకుని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. కింద "ప్రార్థించండి" అని కూడా రాశాను.

మన సంఘంలో ఒక అవ్వ ఉంది. పేరు రాయను. రెండెకరాల బుడ్డల చేనే ఆమెకు ఆధారం. మనవడు ఆ సందేశం చదివి వినిపించాడు. "అయ్యగారు పెట్టినాడంటే నిజమే అయి ఉంటాది" అని, తెల్లారేసరికి ఎక్కువ కూలి ఇచ్చి మనుషుల్ని పిలిచి చేనంతా పెరికించింది. ఇంకా పది పన్నెండు రోజులు భూమిలో ఉండాల్సిన కాయ అది. మూడు రోజులూ చుక్క పడలేదు. ఆ సందేశం ఏదో పాత తుపాను నాటిదని నాకు ఆ తర్వాత తెలిసింది.

ఆమె ఇంటికి వెళ్లాను. తిట్టలేదు. ఒక కాయ ఒలిచి నా చేతిలో పెట్టింది. గింజ ముడతలు పడి సగమే ఉంది. "చూడు నాయనా, గింజ నిండనే లేదు" అంది. కాసేపటికి ఇంకో మాట అడిగింది. "ఈ వాన కబుర్లు చెప్పేటోళ్లకు దుడ్లు ఎవరిస్తారు? ఊరికే చెప్తారా?"

అదనపు కూలి డబ్బు ఆమె చేతిలో పెట్టాను గానీ, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక ఇంటికి వచ్చాను.

ఆ దసరా రాత్రే మన పక్కన దేవరగట్టులో బన్ని ఉత్సవం జరిగింది. ఏటా అక్కడ కార్ణికం చెప్తారని, వానలు, పంటలు, ధరలు ఎలా ఉంటాయో వినడానికి మన వైపు నుంచీ కర్ణాటక నుంచీ జనం వస్తారని మీకు తెలుసు. మన విశ్వాసం వేరు. అయినా ఆ కొండ కింద నిలబడే రైతు ఆకలి నాకు అర్థమవుతుంది. మెట్ట చేనును నమ్ముకున్నవాడికి రేపటి వానకు మించిన కబురు లేదు. ఒక్క మాట మాత్రం నన్ను గుచ్చింది. అక్కడ చెప్పేవాడు అందరి ఎదుట నిలబడి చెప్తాడు. నేను పంపిన కబురుకు ముఖం లేదు, పేరు లేదు, తేదీ లేదు.

అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు వెదికాను. దొరికింది మీతో పంచుకుంటాను.

మొదటిది, ప్రభుత్వ వాతావరణ శాఖ. 1864లో కలకత్తాను పెద్ద తుపాను ముంచింది. 1866లో, 1871లో వానలు తప్పాయి. ఆ దెబ్బల తర్వాత 1875లో ఈ శాఖ పెట్టారు. ఈనాటికీ దేశంలో పలుచోట్ల ఉదయం, సాయంత్రం పరికరం కట్టిన బెలూన్లను పైకి వదిలి గాలిని, తేమను కొలుస్తారు. ఉపగ్రహాలు, రాడార్లు ఉన్నాయి. వీటన్నిటి ఖర్చు మన పన్నులదే. అంగడిలో సబ్బు కొన్న ప్రతిసారీ అవ్వ కూడా ఆ ఖర్చులో తన వంతు వేస్తోంది. డబ్బు ఆగితే అక్కడా పని ఆగుతుంది. జిల్లా స్థాయిలో రైతులకు వాతావరణ సలహాలు ఇవ్వడానికి దేశంలో కృషి విజ్ఞాన కేంద్రాల్లో పెట్టిన 199 విభాగాలను 2024లో మూసేశారు.

రెండోది, ఇష్టంతో ఈ పని చేసేవాళ్లు. ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్‌గా పేరు తెచ్చుకున్న సాయి ప్రణీత్ ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. 2021 జూలై 25న ప్రధాని మోదీ మన్ కీ బాత్‌లో ఆయన గురించి చెప్పారు. వేర్వేరు చోట్ల నుంచి వాతావరణ సమాచారం కొని, దాన్ని పరిశీలించి, రైతులకు వాళ్ల భాషలోనే అందిస్తున్నారని చెప్పారు. "కొని" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మనకు ఊరికే వచ్చే కబురు వెనక ఒకరి జీతం డబ్బు ఉంటుంది, నిద్ర మానుకున్న రాత్రులు ఉంటాయి. తమిళనాడులో ప్రదీప్ జాన్ లాంటివాళ్లు కూడా ఉద్యోగం చేసుకుంటూనే ఈ పని చేస్తూ వచ్చారు.

మూడోది, సాయం చేసే చేతులు. అమెరికా ప్రభుత్వం తన ప్రజల పన్నులతో తయారుచేసే అంచనాలను లోకమంతటికీ ఉచితంగా ఇస్తుంది. ఐరోపా దేశాలు కలిసి డబ్బు వేసుకుని 1975 నుంచి ఒక కేంద్రాన్ని నడుపుతున్నాయి. విండీ అనే యాప్ చాలా వరకు ఉచితం. ఇంకా ఎక్కువ వివరాలు కావాలన్నవాళ్లు చందా కడతారు. జర్మనీలో మొదలైన బ్లిట్జార్టుంగ్ అనే బృందంలో మామూలు మనుషులే సొంత డబ్బుతో పిడుగుల్ని పసిగట్టే పరికరం కొని ఇంట్లో పెట్టుకుంటారు. అది పట్టిన సమాచారాన్ని అందరికీ పంచుతారు.

నాలుగోది, ప్రకటనల డబ్బు. ఇందులో శోధన ఉంది. యూట్యూబ్‌లో వీడియోల మీద ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలన్నది ఒక నియమం. మంచివాళ్లు ఆ డబ్బుతో మంచి పనే చేస్తారు. అయితే భయపెడితే ఎక్కువమంది చూస్తారని కొందరికి తెలుసు. మామూలు జల్లును ప్రళయం అని రాస్తారు. అవ్వ చేను పెరికించిన ఎర్ర అక్షరాలు అలాంటి చోటే పుట్టి ఉంటాయి.

ఇప్పుడు వాక్యానికి వద్దాం. యెరూషలేము నుంచి అంతియొకయకు వచ్చిన ప్రవక్తల్లో అగబు ఒకడు. లోకమంతటా కరువు రాబోతోందని అతడు ఆత్మ ద్వారా తెలియజేశాడు. అగబు మాట దేవుడిచ్చిన ప్రవచనం, వాతావరణ అంచనా మనిషి లెక్క. ఆ రెండూ ఒకటి కావు. కానీ కబురు విన్న సంఘం ఏం చేసిందో చూడండి. వాళ్లు దాన్ని ఊరూరా తిప్పి భయపెట్టలేదు. విని ఊరుకోనూ లేదు. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు డబ్బు పోగుచేసి, బర్నబా, సౌలుల చేత యూదయలోని సహోదరులకు పంపారు.

చెప్పినవాడు ఒకడు. ఇచ్చినవాళ్లు వేరు. మోసుకెళ్లినవాళ్లు ఇంకొకరు. ఈ మూడూ కలిస్తేనే ఆ కబురు యూదయలో అన్నం అయింది. చెప్పినవాడి పేరు లేఖనంలో ఉంది, మోసినవాళ్ల పేర్లూ ఉన్నాయి. మోయడం చిన్న పని అనుకుని నేను చూసుకోకుండా చేశాను. ఒక వేలు కదిపి పంపిన కబురుకు నాకు పైసా ఖర్చు కాలేదు. ఆ ఖర్చంతా అవ్వ మీద పడింది.

సంఘ పెద్దలతో కూర్చుని మూడు నిర్ణయాలు తీసుకున్నాం.

తేదీ, ప్రాంతం, ఎవరు చెప్పారు అన్న మూడూ లేని వాన కబురు మన గ్రూపులో పెట్టకూడదు. ఈ నియమం ముందు నాకే.

మందిరం గేటు దగ్గర ఒక నల్లబల్ల పెట్టాం. ఇద్దరు యౌవనస్థులు రోజూ పొద్దున వాతావరణ శాఖ అంచనా రాస్తారు. పంటల సలహాలు మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో వస్తాయి, అవి కూడా రాస్తారు. అంచనా మాట ఇవ్వడం కాదు గనుక "పడుతుంది" అనకుండా "పడే అవకాశం" అని రాయమన్నాను. బల్ల గేటు బయటే ఉంటుంది. మన తండ్రి వాన కురిపించేటప్పుడు ఎవరి చేను అని అడగడు. మనం కూడా ఏ గుడికి పోయేవాడివి అని అడగం.

మూడోది, ఒక వానమాపకం. ఆలూరులో కురిసిన వాన హొళగుందలో ఉండదని మనకు తెలుసు. ఒక్క మిల్లీమీటరు వాన ఎకరా మీద దాదాపు 4,000 లీటర్ల నీళ్లు. పదునయిందా లేదా అని ఊహించుకునే బదులు మన ఊరి లెక్క మనమే కొలిచి, అడిగినవాళ్లకు ఇద్దాం. ఇన్నాళ్లూ ఊరికే తీసుకున్నాం, ఇప్పుడు మన వంతు కొంచెం ఇద్దాం.

ఆదివారం దీనికోసం వేరే కానుక పట్టాం. అవ్వ ఇరవై రూపాయలు వేసింది. నాకు సిగ్గేసి, "నీవు వద్దులే అవ్వా" అన్నాను.

"నువ్విచ్చిన కూలి దుడ్లు నేను తీసుకుంటిని కదా, అవి నువ్వు ఇయ్యాల్సినవే" అంది. "ఇవి నేను ఇయ్యాల్సినవి. తేదీ మాత్రం పెద్దగా రాయించు నాయనా."

బల్ల మీద అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్దగా ఇప్పుడు తేదీ ఉంటుంది.

ప్రార్థన: తండ్రీ, వాన నీ చేతిలో ఉంది, వాన కబురు మా చేతిలో పెట్టావు. మాకోసం రాత్రుళ్లు మేల్కొని ఆకాశం చూసేవాళ్లను దీవించు. మా వేళ్లను, మా నోళ్లను కాపాడు. నమ్మినవారికి మా వలన నష్టం కలగకుండా సహాయం చేయి. యేసు నామములో, ఆమేన్.