చక్రాల కుర్చీతో లిస్బన్ దాకా

ఈమధ్య నాకొచ్చే ఉత్తరాల్లో ఒక రకం తరచుగా కనిపిస్తోంది. "మా అబ్బాయి మోటారు సైకిలు మీంచి పడి నడుము విరిగింది. మూడేళ్ళయింది. కాళ్ళు కదలవు. విదేశంలో ఏవో కణాలు ఎక్కించి నడిపిస్తున్నారట. ఫోనులో వీడియో చూశాం. పొలం అమ్మితే డబ్బు సరిపోతుంది. వెళ్ళమంటారా, వద్దంటారా?" అని. అబ్బాయి బదులు అమ్మాయి వుండొచ్చు, మోటారు సైకిలు బదులు తాటిచెట్టు వుండొచ్చు. ప్రశ్న మాత్రం ఒకటే.

ఒక్క మాటలో వెళ్ళమనో వద్దనో చెప్పలేను. కాని అలాంటి ప్రయాణం ఒకటి నేను దగ్గరుండి చూశాను. దాని సంగతి చెబుతాను.

మా అక్కయ్య, బావగారు న్యూజెర్సీలో వుంటారు. 2004లో కారు ప్రమాదంలో వాళ్ళబ్బాయి వెన్నుపాము దెబ్బతింది. ఛాతీ కిందనుంచి స్పర్శ లేదు, కదలిక లేదు. రెండేళ్ళు అమెరికాలో చేయవలసిందంతా చేశారు. అప్పుడు తెలిసింది వాళ్ళకి, పోర్చుగల్ రాజధాని లిస్బన్ లో కార్లోస్ లీమా అనే డాక్టరు, ఆయన సహచరులు 2001 నుంచి ఒక కొత్త ఆపరేషను చేస్తున్నారని. 2006 సెప్టెంబరులో వాళ్ళు అటునుంచి, నేను ఇటునుంచి బయలుదేరాం. "ఇంట్లో డాక్టరుండగా పరాయిదేశంలో మేం ఒంటరిగా ఎందుకుండాలిరా?" అని అక్కయ్య పట్టుబట్టింది. ప్రభుత్వ డాక్టరు దేశం దాటాలంటే పైవాళ్ళ అనుమతి కాగితం కావాలి. అది సంపాదించడానికి పడ్డ ఆయాసం ముందు విమాన ప్రయాణం ఒక లెక్క కాదు.

ఆపరేషను ఏమిటంటే, మన ముక్కు లోపల పైభాగాన వాసన పట్టే పొర వుంటుంది. అందులోని నాడీకణాలు చచ్చిపోయినకొద్దీ కొత్తవి పుడుతూనే వుంటాయి. పెద్దవాళ్ళ శరీరంలో ఇలా జరిగే చోట్లు బహు తక్కువ. వెన్నుపాము నాడులు తెగితే మళ్ళీ అతకవు కదా, ఆ పొర ముక్కని తీసి వెన్నుపాము గాయంలో నాటితే అక్కడకూడా నాడులు మొలుస్తాయేమోనని ఆలోచన. ఆలోచనలో తప్పేమీ లేదు. వైద్యంలో ప్రతిదీ ఇలాంటి 'ఏమో'తోనే మొదలయింది.

లిస్బన్ అందమైన ఊరు. సముద్రమంత వెడల్పున్న టేగస్ నది ఒడ్డున, కొండల మీద కట్టారు. గోడలకి నీలం పలకలు, చిన్న చిన్న పసుపు రంగు ట్రాములు. కాని చక్రాల కుర్చీలో వున్నవాడికి ఈ ఊరంత శత్రువు మరొకటి లేదు. కాలిబాటలన్నీ చిన్న చిన్న తెల్లరాళ్ళు పేర్చి చేసినవి. చూడ్డానికి ముగ్గు వేసినట్టుంటాయి. కుర్చీ వాటిమీద గజం కదిలితే పది కుదుపులు. కుదుపుకల్లా చచ్చుబడ్డ కాళ్ళు బిగుసుకుపోయి వణుకుతాయి. తెలియనివాళ్ళు అది చూసి కాళ్ళలో కదలిక వచ్చిందనుకుంటారు. అది కదలిక కాదు. పైనుంచి మెదడు అదుపు లేకపోవడంవల్ల కండరాలు వాటంతటవి బిగుసుకోవడం.

మేం దిగిన చోటు జున్‌కైరా అనే పొడుగాటి వీధి దగ్గర. గదిలోంచి నది మీద ఎర్రటి వేలాడే వంతెన కనిపించేది. 1966లో కట్టి అప్పటి నియంత సలజార్ పేరు పెట్టారు. 1974 విప్లవం తర్వాత ఆ విప్లవం జరిగిన ఏప్రిల్ 25నే వంతెనకి పేరుగా మార్చారు. దానిమీద కార్లు పోతుంటే ఇనప జాలీలోంచి తేనెపట్టు కదిపినట్టు రాత్రింబగళ్ళు ఒకటే ఝంకారం. గది శుభ్రం చేసే ముసలమ్మకి ఇంగ్లీషు రాదు, మాకు పోర్చుగీసు రాదు. ఒకరోజు ఆవిడ "తువాల్య" అంటే అక్కయ్య తడుముకోకుండా తువ్వాలు అందించింది. తువ్వాలు, బాల్చీ, బొత్తాం, అల్మరా, మేస్త్రి అన్నీ వాళ్ళ మాటలే. వాస్కోడగామా 1497లో ఓడలెక్కిన బెలేం రేవు మా గదికి దగ్గర్లోనే. ఆయన సమాధి కూడా అక్కడి మఠంలోనే వుంది.

ఆ వీధిలోనే వుంది ఆసుపత్రి. దాని పేరు ఎగాస్ మోనిజ్ హాస్పిటల్. పేరు చదివి నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. వైద్యం చదివినవాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు. మెదడులోని రక్తనాళాలకి ఎక్స్‌రే తీసే పద్ధతిని 1927లో కనిపెట్టిన మహానుభావుడాయన. ఈ రోజుకీ అది లక్షలమందికి పనికొస్తోంది. ఆయనే 1935 నవంబరులో ఇదే ఊళ్ళో మానసిక రోగుల మెదడు ముందుభాగంలోని నాడుల్ని తెగ్గొట్టే ఆపరేషను మొదలుపెట్టాడు. మర్నాటి ఏడాదికే ఇరవైమంది రోగుల లెక్క ప్రచురించాడు. ఏడుగురికి నయమైంది, ఏడుగురికి మెరుగైంది, ఆరుగురికి మార్పు లేదు. అప్పటికి వాళ్ళని చూసిన కాలం వారాలూ, నెలలే. ఆ లెక్క నమ్మి ఒక్క అమెరికాలోనే సుమారు 40,000 మందికి ఆ ఆపరేషను చేశారు. 1949లో మోనిజ్‌కి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. బుద్ధి మందగించి, నవ్వూ ఏడుపూ లేకుండా మిగిలిపోయిన మనుషుల సంగతి నెమ్మదిమీద బయటపడింది. 1950లలో లార్గాక్టిల్ వంటి మాత్రలు రావడంతో ఆ కత్తి పక్కన పెట్టారు. మోనిజ్ దుర్మార్గుడని నేననను. ఎంతకాలం చూసి చెప్పారు అనే ప్రశ్న అడిగినవాళ్ళు అప్పుడు తక్కువ.

ఇక మావాడి సంగతి. మొదటిరోజే వాణ్ణి పక్కకి తిప్పి చూస్తే పిరుదు ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత మేర చర్మం చిట్లివుంది. ఒత్తిడి పుండు. న్యూజెర్సీలో ఇల్లు వదిలిననాటికి అక్కడ ఏమీ లేదని అక్కయ్య ప్రమాణం చేసింది, నేను నమ్మాను. వాడు రోజూ కూర్చునే మెత్త, కుర్చీతోపాటు విమానం అడుగున సామానులోకి వెళ్ళింది. విమానం సీటులో రాత్రంతా కదలకుండా కూర్చున్నాడు. స్పర్శ లేదు గనుక నొప్పి లేదు, నొప్పి లేదు గనుక ఒత్తిగిల్లలేదు. పుండు మానేదాకా ఆపరేషను మాట తలపెట్టకూడదు. చీము వెన్నులోకి పోతే ప్రాణానికే ముప్పు.

పుండు మానడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ పద్దెనిమిది రోజులూ వాడు బోర్లా పడుకునే వున్నాడు. అంచేత పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి. అమెరికా అక్కర్లేదు, మద్రాసుకి రైల్లో వెళ్ళినా ఇదే లెక్క. కూర్చునే మెత్త రోగితోపాటే వుండాలి, సామానులోకి పోకూడదు. పావుగంటకో, అరగంటకో ఒకసారి చేతులమీద పైకి లేవాలి, లేదా మీరు చంకల కింద చేతులేసి లేపి అటూ ఇటూ ఒరిగించాలి. నిద్రపోతున్నాడు పాపం అని జాలిపడొద్దు. బాత్రూముకి పోవడం కష్టమని నీళ్ళు తాగడం మానెయ్యకూడదు, మూత్రంలో చీము పట్టేది అలాగే. గొట్టాలూ, మందులూ, డాక్టరు ఇచ్చిన కాగితమూ చేతిసంచిలోనే వుండాలి. దెబ్బ ఛాతీ పైభాగానగాని మెడలోగాని తగిలినవాళ్ళకి హఠాత్తుగా విపరీతమైన తలనొప్పి వచ్చి ముఖం చెమటలు పడితే అది మామూలు తలనొప్పి కాదు. మూత్రం నిండిపోయి రక్తపోటు ఎగబాకుతోందన్నమాట. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి గొట్టం మడతపడిందేమో చూడండి. గొట్టం సరిచేసినా తగ్గకపోతే డాక్టరు కావాలి, ఆలస్యం పనికిరాదు.

పక్క గదుల్లో మాలాంటివాళ్ళే మరో రెండు కుటుంబాలవారు వుండేవారు. ఎవరి దేశం వారిది. సాయంత్రమయ్యేసరికి తల్లులు ముగ్గురూ వరండాలో చేరి, సగం భాష వచ్చీ రాక, ఒకరి పిల్లల స్కానింగు ఫిలిములు ఒకరు చూసుకునేవారు. అక్కయ్య వెంకన్నకి ముడుపు కట్టింది. వాళ్ళు వాళ్ళ మేరీమాతకి కొవ్వొత్తి మొక్కుకున్నారు. బావగారు మాత్రం లెక్కల పుస్తకం ముందేసుకుని, ఇల్లు తాకట్టుమీద ఎంత వచ్చింది, ఎంత పోయిందని కూడికలు వేస్తుండేవారు. ఆ వరండాలో నాకు ఒకటి తోచింది. అందరం కాళ్ళ గురించి మాట్లాడుతున్నాం, కాళ్ళున్నవాణ్ణి ఎవరూ అడగలేదు.

పన్నెండో రోజున వాడే అడిగాడు. "మామయ్యా, ఇప్పటిదాకా ఎంతమంది లెక్క రాశారు?"

"ఏడుగురిది." ఆ సంవత్సరమే అది ప్రచురించారు. కొంత మెరుగు కనిపించిందన్నారు.

"వాళ్ళలో ఎవరైనా ఊతం లేకుండా మామూలుగా నడుస్తున్నారా?"

"లేదు."

"అయిదేళ్ళ తర్వాత ఆ ముక్క లోపల ఏమవుతుంది?"

"అయిదేళ్ళయితేగాని ఎవరికీ తెలీదురా."

"పెట్టింది మళ్ళీ తీసెయ్యొచ్చా?"

తీయలేరు. వెన్నుపాములో నాటినదాన్ని మళ్ళీ ఏరడం అంటే వున్నదాన్ని కూడా కోయడమే. అదే చెప్పాను. వాడు తలగడలో ముఖం పెట్టుకుని చాలాసేపు వూరుకుని, "అయితే ఆగుదాం. నా ముక్కు నాతోనే వుంటుందిగా" అన్నాడు.

అక్కయ్య నాతో మూడురోజులు మాట్లాడలేదు. నేనే వాడి మనసు విరిచేశాననుకుంది. పుండు మానాక బయలుదేరే ముందు వాణ్ణి ట్రాములో బెలేం తీసుకెళ్ళాం. ఆ దారిలో నడిచే ట్రాము కొత్తరకం, నేలకి దగ్గరగా వుంటుంది. కుర్చీ ఎక్కించడం తేలికయింది. అక్కడ 1837 నాటి మిఠాయి కొట్టులో గుడ్డు మీగడ బిళ్ళలు తిన్నాడు. బావగారు శాకాహారి, గుడ్డుందని తెలిసి కాఫీతో సరిపెట్టుకున్నారు.

వాడు తిరిగి వెళ్ళి చదువు పూర్తిచేశాడు. ఇప్పుడు చేతులతో నడిపే కారులో రోజూ ఉద్యోగానికి వెళ్తాడు. నడవడు.

ఆ తర్వాతి కథ వైద్య పత్రికల్లో వుంది. 2010లో లీమా బృందం ఇరవైమంది లెక్క ప్రచురించింది. మళ్ళీ ఇరవై! పదకొండుమంది ఒక మెట్టో, రెండు మెట్లో పైకి వచ్చారు. ఒకరు కిందికి జారారు. కాని అందరిచేతా రోజూ గంటలతరబడి కఠినమైన వ్యాయామం కూడా చేయించారు. ఆపరేషను లేకుండా అంత వ్యాయామమే చేసిన జట్టు ఒకటి పక్కన లేదు. ఫలితం ముక్కు పొరదో, వ్యాయామానిదో తేల్చడం ఎలా? 2014లో అమెరికా డాక్టర్లు మరో కేసు రాశారు. వెన్ను విరిగిన ఒక యువతికి లిస్బన్ లో ఈ ఆపరేషను జరిగిన ఎనిమిదేళ్ళకి నడుం నొప్పి వచ్చింది. స్కానింగులో వెన్నుపాములో గడ్డ. తెరిచి చూస్తే అది ముక్కు పొర. అక్కడ కూర్చుని తన పని తాను చేసుకుంటూ జిగురు జిగురుగా చీమిడి తయారుచేస్తోంది. నాడులతోపాటు చీమిడి గ్రంథులు కూడా వెళ్ళాయి మరి. అది క్యాన్సరు కాదు, తీసేశారు. కాని ఎనిమిదేళ్ళు!

కనుక ఉత్తరాలు రాసినవారికి నా సలహా. అక్కడివాళ్ళని వీడియో అడగకండి, కాగితం అడగండి. ఎంతమందికి చేశారు, ఎంతకాలం చూశారు, ఎవరితో పోల్చారు, చెడిపోయినవాళ్ళెందరు? అది నిజంగా పరిశోధనే అయితే పరీక్షించే మందుకి రోగి దగ్గర డబ్బు గుంజరు. మన దేశంలో వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నిబంధనలూ అవే చెబుతున్నాయి. రక్తానికి, మూలుగకి సంబంధించిన కొన్ని జబ్బులకి తప్ప మూలకణాల చికిత్స ఇంకా పరిశోధనలోనే వుంది, దానికి రోగినుంచి రుసుము తీసుకోకూడదు. ఇంకో చిక్కు కూడా వుంది. ఒకసారి ఏవో కణాలు ఎక్కించుకున్నవారిని రేపు నిజమైన పరిశోధన జరిగినా చాలాచోట్ల చేర్చుకోరు. ఇక బొమ్మ గీసి పెట్టండి, ఇంటికొచ్చాక జ్వరమొస్తే, నొప్పొస్తే ఏ డాక్టరు చూస్తాడో, ఆయన పేరు అందులో వుండాలి. ముందు ఆయనతో మాట్లాడి ఆ తర్వాత పొలం సంగతి చూడండి.

ఇప్పటికే వెళ్ళి చేయించుకుని వచ్చినవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. కాని ఆపరేషను కాగితాలు దాచిపెట్టి, బాగానే వుంది కదా అని వూరుకోకండి. ఆ కాగితాలు పరభాషలో వుంటే తర్జుమా చేయించి మీ వూరి పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకి ఇవ్వండి. ఎప్పుడెప్పుడు స్కానింగు కావాలో ఆయన చెబుతారు. కొత్తగా నడుంలోనో మెడలోనో నొప్పి మొదలైనా, తిమ్మిరి ఇదివరకటికంటె ఒక వేలెడు పైకి పాకినా, కాళ్ళ బిగువు ఎక్కువైనా, మూత్రం తీరు మారినా, ఆపరేషనై పదేళ్ళు దాటినా సరే, ఆ వారంలోనే చూపించండి.